నల్లగొండ బిడ్డ మల్లు స్వరాజ్యం గారు

ఈ శతవార్షిక సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయాలా అని కొంత ఆలోచించాను. గుడులు, బడులు, ఆసుపత్రులు కట్టిన పెద్దలను గూర్చి వ్రాయగలవారు మనలో అనేకులున్నారు. వారి కథలు ఈ సంచికలోనే చదువుకుంటాము. కాని మన తాతముత్తాతలు ఏ నేలమీద బ్రతికారో, ఏ బరువు క్రింద నడుములు వంచారో తెలియజేసే జీవితం ఒకటి ఈ జిల్లాలోనే ఉన్నది. ఆమె మన సంఘస్థురాలు కాదు. ఆమె నమ్మిన సిద్ధాంతం వేరు. అయినప్పటికీ ఆమె కథ మన కథతో ముడిపడియున్నది. ఆమే మల్లు స్వరాజ్యం గారు.

మా నాయనమ్మ దొరవారి ఇంట వడ్లు దంచిన మనిషి. నా చిన్నతనంలో ఆమె అరచేతులు పట్టుకుంటే చెక్కముక్కల వలె గట్టిగా ఉండేవి. "ఏమిటే నాయనమ్మా ఇవి?" అని అడిగితే "రోకలి కాయలు బిడ్డా" అని నవ్వేది. దినమంతా దంచినా ఇంటికి తెచ్చుకున్నది కొంగులో నూకలేనట. కూలి అడుగుదామన్న తలంపు ఎవరికీ రాలేదా అని ఒకసారి అడిగాను. "అడుగుడు అనేది ఒకటుంటదని మాకెవరు చెప్పిన్రు?" అన్నది. ఆ మాట నన్ను నేటికీ విడువలేదు. "అడుగుడు" అనేది ఒకటున్నదని చెప్పినవారిలో స్వరాజ్యం గారు ఒకరు. అదీ బాల్యంలోనే.

ఆనాటి పరిస్థితులు

ఆమెను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ కాలాన్ని అర్థం చేసుకోవాలి. 1948 వరకు నల్లగొండ, మహబూబునగరం జిల్లాలు నిజాం రాజ్యంలోనివి. రాజ్యంలోని భూమిలో సుమారు 60 శాతం దివానీ క్రింద, 30 శాతం జాగీర్ల క్రింద, 10 శాతం నిజాం ప్రభువు సొంత ఖర్చులకైన సర్ఫెఖాస్ క్రింద ఉండేది. దివానీ గ్రామాలలో సైతం పెత్తనం దేశముఖులదీ, పటేలు పట్వారీలదీ. వారిలో కొందరికి పదులకొలది గ్రామాలలో వేలకొలది ఎకరాలుండేవి. పాలమూరు వైపున గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలుండేవి. ఊరు ఏదైనా బీదవాని బ్రతుకు మాత్రం ఒకటే.

ఆ బ్రతుకుకు పేరు వెట్టి. కులానికొక వెట్టి. చాకలి బట్టలుతకాలి, వంటపాత్రలు తోమాలి. కుమ్మరి కుండలివ్వాలి. మంగలి ఒళ్లు పట్టాలి. మాదిగ చెప్పులు, మోటబొక్కెనలు కుట్టి ఇవ్వాలి, డప్పు కొట్టాలి. మాల వార్తలు మోయాలి, మూటలు మోయాలి, అధికారి వస్తే అతని బండి ముందు పరుగెత్తాలి. దొర కూతురు అత్తవారింటికి పోతే ఆమె వెంట ఒక బీద పిల్లను 'ఆడబాప'గా పంపేవారు. ఆ పిల్లకు పెండ్లి లేదు, తనదన్న ఇల్లు లేదు. ఇక అప్పు తెచ్చుకున్న గింజలకు 'నాగు' వడ్డీ. ఒకసారి తెచ్చిన పుట్టి వడ్లు కొడుకు తరానికి కూడా తీరేవి కావు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దీనికి లెవీ ధాన్యం తోడయినది. పండించినవాని ఇంటినుండి గింజలు పోయి, పెద్దల గాదెలు మాత్రం నిండుగా ఉండేవి. 'బాంచన్, కాల్మొక్త' అన్న మాట ఆనాడు మర్యాద కాదు, భయం.

ఈ చీకటిలో మొదట అక్షరదీపం వెలిగించినది ఆంధ్రోద్యమం. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడినది. 1926లో పాలమూరు జిల్లావాసి సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక స్థాపించారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదులో తెలుగు ఆడపిల్లలకు బడి పెట్టారు. 1930లో జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగినది. దానితోపాటు నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరగడం గమనార్హం. 1931లో రెండవ సభ మన నల్లగొండ జిల్లా దేవరకొండలోను, 1936లో మరొక సభ పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోను జరిగినవి. మొదట గ్రంథాలయాలు, మాతృభాషలో చదువు, స్త్రీవిద్య కోరిన ఆ సంస్థ క్రమేణా వెట్టిని గూర్చి, భూమిని గూర్చి మాట్లాడసాగినది. 1944 భువనగిరి సభనాటికి రావి నారాయణరెడ్డి గారి నాయకత్వాన అది పల్లెల్లో 'సంఘం' అన్న ఒకే మాటగా మారిపోయినది.

పుట్టిన ఇల్లు

స్వరాజ్యం గారు 1931లో నాటి సూర్యాపేట తాలూకా కర్విరాల కొత్తగూడెంలో జన్మించారు. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి గారు, తల్లి చొక్కమ్మ గారు. వందలాది ఎకరాలున్న కలిగినవారి కుటుంబం. గాంధీగారి సత్యాగ్రహోద్యమంపై అభిమానం కలిగిన బంధువుల కోరికపై ఆ పిల్లకు స్వరాజ్యం అని పేరు పెట్టారట. నిజాం రాజ్యంలో ఆ మాట పలుకుటే తప్పయిన రోజులలో, ఒక పల్లెలో, ఒక ఆడపిల్లకు ఆ పేరు పెట్టడమే విశేషం.

అటువంటి ఇండ్లలో ఆడపిల్లలు గడప దాటి పోరాదు. ఈమె గుర్రపుస్వారీ, ఈత నేర్చుకున్నది. అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు, తరువాతి కాలంలో బి.ఎన్. అని జిల్లా అంతా ఎరిగిన నాయకుడు, ఆంధ్ర మహాసభలో చేరి ఇంటికి పుస్తకాలు, కబుర్లు తెచ్చేవారు. గోర్కీ 'అమ్మ' నవల తెలుగులో చదివి తన మనస్సు మారినదని ఆమె పెద్దయిన తరువాత అనేకసార్లు చెప్పారు.

ఆమెకు పదకొండేండ్ల ప్రాయంలో ఆంధ్ర మహాసభ వెట్టిచాకిరి పోవాలని పిలుపునిచ్చినది. ఆ పిల్ల చేసినది చూడండి. సభలో ఉపన్యసించలేదు. తమ సొంత ఇంట పనిచేసే వెట్టివారికి, ఏ కులమని చూడక, చేసిన పనికి బియ్యం కొలిచి ఇచ్చినది. సొంత బాబాయిలే వద్దని అడ్డుపడ్డారు. ఇది వారి కష్టఫలం, వారి వాటా వారికి ఇవ్వవలసిందే అని ఆ పిల్ల మొండికేసినది. ఆ ఇంట ఇచ్చారు, మీరెందుకు ఇవ్వరని చుట్టుప్రక్కల కూలి అడుగుట మొదలైనదని ఆమె జ్ఞాపకం చేసుకున్నారు.

గాదెలు చాలక మరింత పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుని ఉపమానం మనమందరం బడిలోనే నేర్చుకున్నాము. ఆ ఉపమానం వినని ఒక బాలిక గాదె తలుపు తెరచినది. వినిన మనమెన్ని తలుపులు తెరచామన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

రాజక్క

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య గారు దేశముఖు మనుషుల కాల్పులలో మరణించారు. అప్పటినుండి ఉద్యమం గుత్పలు, వడిసెలల దశకు చేరి, ఆ తరువాత తుపాకులు పట్టినది. ఆడవారు కారంపొడి, రోకళ్లు పట్టుకొని ఊరికి కాపలా కాశారు. అప్పటి మన జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో చాకలి ఐలమ్మ గారు కౌలుకు చేసుకున్న తన భూమిలోని పంటను విసునూరు దేశముఖుకు పోనివ్వక నిలబడ్డారు. ఆలేరు వైపున ఆరుట్ల కమలాదేవి గారు ఇంటిని, పసిబిడ్డను విడిచి ఉద్యమంలోనికి వచ్చారు.

స్వరాజ్యం గారికి అప్పటికి పదిహేనేండ్లు. మొదట ఆమె ఆయుధం పాట. పల్లెజనం ఎరిగిన ఉయ్యాల పాటల వరసలలోనే వెట్టిని గూర్చి, నాగును గూర్చి పాడేది. చదువురాని వారికి పాట కరపత్రమయినది. గ్రామగ్రామం తిరిగి ఆడవారిని కూడగట్టినది. రజాకార్ల దాడులు మిక్కుటమైన తరువాత అడవికి పోయి దళంలో పనిచేసినది. గోదావరి పరీవాహక అడవులలో కోయ కుటుంబాల నడుమ 'రాజక్క' అన్న పేరున తిరిగినది. ఆమెను పట్టిచ్చినవారికి పదివేల రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించినది. పట్టిచ్చినవారు లేరు. పదివేలంటే ఆ రోజులలో ఊరందరి అప్పు తీర్చగల సొమ్ము. ఆమె తిన్నది, తలదాచుకున్నది రేపటి గంజికి దిక్కులేని ఇండ్లలో. ఆ బీదల నమ్మకత్వం కూడా చరిత్రలో వ్రాయదగినదే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి, 17న నిజాం ప్రభుత్వం లొంగిపోయినది. అంతటితో పోరు ఆపివేయాలని రావి నారాయణరెడ్డి గారి వంటి పెద్దలన్నారు. దొరలు సైన్యం వెనుక మరల గ్రామాలకు వచ్చి భూములు లాగుకొంటున్నారు గనుక ఆపరాదని మరికొందరన్నారు. మూడేండ్ల వాదప్రతివాదాల తరువాత 1951 అక్టోబరులో విరమించారు. సుమారు 3000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచామనీ, దాదాపు 4000 మంది ప్రాణాలు కోల్పోయారనీ ఉద్యమ నాయకులు లెక్క చెప్పారు.

ఇక్కడ ఒక మాట నిర్మొగమాటంగా చెప్పాలి. తుపాకి మార్గం మన సంఘాలలో అనేకులకు సమ్మతం కాదు, నాకూ కాదు. ఆ ఐదేండ్లలో రెండు వైపులా రక్తం పారినది. ఏ వైపూ లేని బీదవారు పగలు పోలీసులకు, రాత్రి దళాలకు భయపడి నలిగిపోయారు. దీనిని దాచి ఆమెను పొగడితే చరిత్రకు అన్యాయమే. కాని తుపాకిని మాత్రమే చూసి, తుపాకి రాకమునుపు వందేండ్లు సాగిన వెట్టిని చూడకపోవడం అంతకంటె పెద్ద అన్యాయం. ఆ వందేండ్లలో నొప్పి పడినది మనవారే గనుక ఈ సంగతి మనం మరువరాదు.

ఇంటికి పొమ్మన్న మాట

పోరాటం ముగిసిన తరువాత పురుషులు ఎన్నికలకు, సభలకు పోయారు. 1952లో రావి నారాయణరెడ్డి గారు నల్లగొండనుండి దేశంలోకెల్ల అత్యధికమైన ఓట్లతో లోకసభకు వెళ్లారు. ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరునుండి 1952, 1957, 1962 లలో మూడుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. ఇది గర్వకారణం. కాని అడవులలో తిరిగిన, అన్నం మోసిన, కబుర్లు చేరవేసిన వందలాది స్త్రీల సంగతేమి? ఇక ఇంటికి పొమ్మన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన వారు ఈ స్త్రీల మాటలను సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' అన్న పుస్తకం ప్రకటించారు. మమ్ములను పొయ్యి దగ్గరకు మరల పంపారన్న బాధ అందులో పలువురి నోట వినవస్తుంది. స్వరాజ్యం గారి మాటలూ ఆ పుస్తకంలో ఉన్నవి.

1954లో స్వరాజ్యం గారు ఉద్యమ సహచరుడు మల్లు వెంకట నరసింహారెడ్డి గారిని వివాహమాడారు. పిల్లలను పెంచారు, సేద్యం చూసుకున్నారు, కూలీల పనీ స్త్రీల పనీ వదలలేదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీలో నిలిచారు. శాసనసభ గడప త్రొక్కుటకు మాత్రం 1978 వరకు ఆగవలసి వచ్చినది. అంటే దళం విడిచిన తరువాత ఇరవై ఏడేండ్లు.

1978లోను, మరల 1983లోను తుంగతుర్తినుండి ఆమె శాసనసభ్యురాలుగా గెలిచారు. 1983లో రాష్ట్రమంతటా తెలుగుదేశం గాలి వీచిన ఎన్నికలలో సైతం ఆ నియోజకవర్గం ప్రజలు ఆమెనే ఎన్నుకున్నారు. 294 మంది సభ్యులున్న ఆ సభలో స్త్రీలు వ్రేళ్లమీద లెక్కించదగినవారే. నల్లగొండ యాసలో, పొలంగట్టున మాట్లాడినట్టే సభలలో మాట్లాడేవారు. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో రగిలిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా వ్యాపించినప్పుడు అరవయ్యేండ్ల వయస్సులో ఆమె మరల ఊరూరా తిరిగారు. 1993 అక్టోబరు 1నుండి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చినది. తాగుడుచేత చితికిపోయిన ఇండ్లు ఏ సంఘంలో లేవు గనుక? ఆ ఉద్యమం ఏ ఒక్క పార్టీది కాదు, ప్రతి తల్లిదీ.

2019లో హైదరాబాద్ బుక్ ట్రస్టు వారు ఆమె ఆత్మకథను 'నా మాటే తుపాకి తూటా' అన్న పేరుతో ప్రచురించారు. 2022 మార్చి 19న హైదరాబాదులో ఆమె కన్నుమూశారు. ఆమె భౌతికకాయాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. పదకొండేండ్లకు బియ్యం పంచుటతో మొదలైన ఇచ్చుట, శరీరాన్ని సైతం విద్యార్థుల చదువుకు ఇచ్చుటతో ముగిసినది.

మనకు మిగిలిన పని

ఆమె జీవితంనుండి మనం గ్రహించవలసినది ఏమిటి? ఆమె వీరత్వాన్ని మెచ్చుకొని పుట త్రిప్పివేయడం సులభం. కాని నాకు రెండు సంగతులు ముఖ్యంగా తోస్తున్నవి.

మొదటిది, చట్టానికీ ఆచారానికీ మధ్యగల దూరం. వెట్టి వంటి కట్టుచాకిరి చెల్లదని దేశమంతటికీ ఆర్డినెన్సు 1975 అక్టోబరు 25నుండి అమలులోనికి వచ్చినది. 1976లో చట్టమయినది. కొత్తగూడెంలో ఒక బాలిక బియ్యం కొలిచిన ముప్పై ఏండ్లకుపైగా గడచిన తరువాత! ఎవరో ఒకరు తమ ఇంటినుండి మొదలుపెట్టనిదే చట్టం దానంతట రాదు, వచ్చినా దానంతట నడవదు.

రెండవది, స్త్రీకి భూమి. ఆ పోరాటంలో నినాదం 'దున్నేవానికే భూమి'. దున్నేది వాడైతే నాటేది, కలుపు తీసేది, కోసేది ఆమె. కాని పట్టా అంటే మగవాని పేరే అన్న అలవాటు పోరాటం తరువాత కూడ పోలేదు. హిందూ కుటుంబాలలో కూతుళ్లకు పిత్రార్జితంలో సమానహక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5నుండి అమలులోనికి వచ్చినది. దేశమంతటికీ 2005లో వచ్చినది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారమైతే, వీలునామా లేకుండా మరణించినవాని ఆస్తిలో కొడుక్కూ కూతురుకూ భేదమే లేదు. చట్టం ఇంత స్పష్టంగా ఉండగా మన ఇండ్లలో జరుగుతున్నదేమిటి? పెండ్లినాడు ఇచ్చినదే వాటా అనుకొని, తండ్రి పోయిన తరువాత అన్నదమ్ములు కాగితం తెస్తే ఆడబిడ్డ చదువకుండానే సంతకం పెడుతున్నది. పెట్టకపోతే పుట్టిల్లు దూరమవుతుందన్న భయం. మా చెల్లెలు పెట్టిన సంతకం కాగితం మా ఇంటి పెట్టెలో నేటికీ ఉన్నది. ఆనాడు దానిని తెచ్చినవాణ్ణి నేనే. నాయనమ్మ మాట గుర్తుకు వచ్చినప్పుడు ఆ కాగితం కూడా గుర్తుకు వస్తుంది. అడుగుడు అనేది ఒకటుంటదని నా చెల్లెలికి నేనైనా చెప్పలేదు. ఈ వ్యాసం వ్రాస్తూండగా ఆ పొరపాటు దిద్దుకోవలసిన బాధ్యత నాపై ఉన్నదని గ్రహించాను. చెల్లెలిని పిలిచి మాట్లాడాను. రాబోయే పంటకాలం లోపల ఆమె వాటా ఆమె పేర వ్రాయించుటకు నిశ్చయించుకున్నాము.

కాలం మారినది. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరు జిల్లా అయినది. 2009 ఎన్నికలనుండి తుంగతుర్తి నియోజకవర్గం షెడ్యూల్డు కులాలవారికి కేటాయింపబడినది. ఎవరి తాతలు గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచారో వారి మనుమలే నేడు ఆ ప్రాంతంనుండి శాసనసభకు పోతున్నారు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ గారి పేరు పెట్టారు. ఇవి చిన్న మార్పులు కావు. కాని విశ్వవిద్యాలయానికి ఆమె పేరు ఉండి, ఇంటి భూమి కాగితంలో ఇల్లాలి పేరు, ఆడబిడ్డ పేరు లేకపోతే మార్పు గడప బయటే ఆగిపోయినట్టు.

చివరగా ఒక మనవి. వెట్టిని కండ్లార చూసిన తరం దాదాపు వెళ్లిపోయినది. మన సంఘాలలో తొంబదేండ్లు దాటిన తల్లులు ఇంకా కొందరున్నారు. యౌవనులు ఆదివారం ఆరాధన తరువాత వారి దగ్గర ఒక గంట కూర్చొని, వారు చెప్పినది చెప్పినట్టు వ్రాసి ఉంచండి. నేను మా నాయనమ్మ దగ్గర రెండు మాటలే వినగలిగాను. మరికొన్ని అడిగి ఉంటే బాగుండునని ఇప్పుడు అనిపిస్తున్నది. పెద్దల కథలు మనం వ్రాసుకోకపోతే, మన చరిత్ర మనకు తెలియనిదిగానే మిగిలిపోతుంది.